ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోయే లెక్క

(ఏలూరులో స్త్రీల సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి పిలిచినప్పుడు నాకిచ్చిన అంశం 'కంపెనీలు తమ సుస్థిరతని ఎలా కొలుచుకుంటున్నాయి, ఎలా మెరుగుపరుచుకుంటున్నాయి' అని. ఫోనులో విన్నప్పుడు చార్టర్డ్ అకౌంటెంట్ల సభకి వెళ్లాల్సిన పిలుపు దారితప్పి నాకొచ్చిందేమో అనుకున్నాను. మనం వరకట్నం గురించి, భూమి పట్టాల గురించి, సారా గురించి మాట్లాడేవాళ్లం. కంపెనీ వార్షిక నివేదికతో మనకేం పని? ఒప్పుకోవడానికి వారం రోజులు తీసుకున్నాను. ఆ వారంలోనే ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే బస్సులో నా పక్కన ఒకామె కూర్చుంది. నలభై ఏళ్లుంటాయి. రెండు చేతుల వేళ్లూ తెల్లగా నాని, చివర్లు చిట్లి ఉన్నాయి. రొయ్యల షెడ్డులో తలలు తీసే పని. మాటల మధ్యలో ఇలా అంది: "మొన్నెవరో వచ్చి షెడ్డంతా చూసి రాసుకెళ్లారండి. మా కంపెనీకి మంచి మార్కులొచ్చాయని మేస్త్రీ చెప్పాడండి. దేనికొచ్చాయో మాత్రం చెప్పలేదండి."

ఆ మాట విన్నాక ఈ సభకి రాకుండా ఉండలేకపోయాను. మార్కులు దేనికొచ్చాయి? పరీక్ష ఎవరు పెట్టారు, ఎవరు రాశారు, ఎవరు దిద్దారు? ఆమె చేతి వేళ్లకి ఆ కాగితంలో చోటు ఎక్కడ?

ముందు మాట సంగతి చూద్దాం. 'సుస్థిరత' అనేది పుస్తకాల మాట. మన ఊళ్లలో అయితే పదికాలాల పాటు నిలవడం అంటాం. 1987లో ఐక్యరాజ్యసమితి కమిషన్ ఒకటి దాదాపు ఇదే చెప్పింది, రేపటి తరాల అవసరాలకి లోటు రాకుండా ఇవాళ్టి అవసరాలు తీర్చుకోవడం అని. ఆ కమిషన్‌కి అధ్యక్షురాలు నార్వే ప్రధాని గ్రో హార్లెమ్ బ్రంట్‌లాండ్. ఒక స్త్రీ నాయకత్వంలో వచ్చిన నిర్వచనం అది. కంపెనీల చేతిలో పడేసరికి అందులోంచి స్త్రీలు ఎలా జారిపోయారన్నది మనం చూడాల్సిన విషయం.

1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ అనే ఓడ నుంచి చమురు సముద్రంలోకి ఒలికిపోయింది. ఆ తర్వాత అమెరికాలో పెట్టుబడిదారులూ పర్యావరణ సంఘాలూ కలిసి కంపెనీల్ని లెక్కలు అడగడం మొదలుపెట్టాయి. 1997లో పుట్టిన గ్లోబల్ రిపోర్టింగ్ ఇనిషియేటివ్ దానికి కొనసాగింపే. మన దేశంలో 2011లో కేంద్ర ప్రభుత్వం వ్యాపార బాధ్యతల మీద స్వచ్ఛంద మార్గదర్శకాలు తెచ్చింది. 2012లో సెబీ పెద్ద కంపెనీల్ని బాధ్యతా నివేదికలు ఇమ్మంది. 2021 మే నెలలో దానికి బదులుగా బి.ఆర్.ఎస్.ఆర్. అనే కొత్త నమూనా ప్రకటించింది. షేర్ మార్కెట్ విలువలో మొదటి వెయ్యి స్థానాల్లో ఉన్న కంపెనీలు 2022-23 నుంచి ఈ నమూనా ప్రకారం ఏటా నివేదిక ఇచ్చి తీరాలి.

దీన్ని సి.ఎస్.ఆర్.తో కలపకండి. 2013 కంపెనీల చట్టం ప్రకారం కొంత స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకి ఖర్చు చేయాలి. బడికి బెంచీలు, ఊరికి మంచినీళ్ల ప్లాంటు, వాటి మీద కంపెనీ పేరుతో బోర్డు. మన స్వచ్ఛంద సంస్థల్లో చాలామందికి ఈ డబ్బుతోనే పరిచయం. నేను తప్పుపట్టడం లేదు, మన జీతాలూ అందులోంచి వచ్చిన రోజులున్నాయి. కానీ లాభంలో 2 శాతం ఎలా ఖర్చుపెట్టారో చెప్పడం వేరు, ఆ లాభం ఎలా వచ్చిందో చెప్పడం వేరు. బి.ఆర్.ఎస్.ఆర్. అడిగేది, కనీసం అడగాలనుకున్నది, రెండోది. అందుకే మనకి అది ఉపయోగపడే కాగితం.

అందులో ఏముంటుంది? తొమ్మిది సూత్రాలు. ఒక్కో సూత్రం కింద తప్పనిసరిగా చెప్పాల్సిన ప్రశ్నలు కొన్ని, ఇష్టమైతే చెప్పే ప్రశ్నలు కొన్ని. ఎన్ని లీటర్ల నీళ్లు వాడారు, ఎంత మురుగు వదిలారు, ఎంత కరెంటు, ఎంత చెత్త, ఎంతమంది పనివాళ్లు, అందులో స్త్రీలెందరు, పర్మనెంటు ఎందరు, కానివాళ్లెందరు, మగవాళ్ల మధ్యస్థ జీతమెంత, ఆడవాళ్లదెంత. 2023లో సెబీ ఇందులోంచి ముఖ్యమైనవి తీసి 'కోర్' అని పేరు పెట్టి, వాటిని బయటివాళ్ల చేత నిర్ధారణ చేయించాలంది. మొత్తం వేతనాల్లో స్త్రీలకి చెల్లించింది ఎంత శాతం, లైంగిక వేధింపుల ఫిర్యాదులెన్ని, చిన్న ఊళ్లలో ఉన్నవాళ్లకి చెల్లించిన వేతనం ఎంత శాతం, ఈ ప్రశ్నలు కూడా అందులో ఉన్నాయి. ఒకప్పుడు మనం వీధుల్లో అడిగిన ప్రశ్నలు ఇవాళ స్టాక్ ఎక్స్చేంజి కాగితంలో ఉన్నాయి. ఇది చిన్న విషయం కాదు. కానీ ప్రశ్న ఉన్నంతమాత్రాన జవాబు ఉన్నట్టు కాదు.

నీళ్ల లెక్కనే తీసుకోండి. కంపెనీలు మొత్తం ఎన్ని నీళ్లు వాడాయో చెబుతాయి, దాంతోపాటు 'తీవ్రత' అని ఇంకో అంకె చెబుతాయి. అంటే రూపాయి అమ్మకానికి ఎన్ని నీళ్లు అని. ఊహకి ఒక ఉదాహరణ. ఒక కంపెనీ నిరుడు 100 లక్షల లీటర్లు వాడి 100 కోట్ల సరుకు అమ్మింది. ఈ ఏడు 110 లక్షల లీటర్లు వాడింది. విదేశాల్లో ధర పెరగడం వల్ల అమ్మకం 150 కోట్లయింది. కోటికి లక్ష లీటర్లున్నది 73 వేల లీటర్లకి దిగింది. నివేదిక మొదటి పేజీలో 'నీటి తీవ్రత 27 శాతం తగ్గించాం' అని పచ్చని అక్షరాల్లో వేస్తారు. అబద్ధం ఏమీ లేదు. కానీ బోరులోంచి తోడింది పది లక్షల లీటర్లు ఎక్కువ. ఊళ్లో చేతిపంపుకి తీవ్రత అంటే తెలియదు, అది ఎండిపోతుందంతే. కాబట్టి నివేదిక చేతికొస్తే ముందు మొత్తం అంకె వెతకండి, తీవ్రత తర్వాత చూడొచ్చు.

గాయాల లెక్క ఇంకా విచిత్రంగా ఉంటుంది. పది లక్షల పని గంటలకి, పని పోగొట్టిన గాయాలు ఎన్ని అన్నది కొలత. గాయం వల్ల మర్నాడు పనికి రాలేకపోతే అది లెక్కకొస్తుంది. రొయ్య తల ముందు కొమ్ము ఉంటుంది, మీకు తెలుసు, అది వేలికి గుచ్చుకుంటే చీము పడుతుంది. మంచు నీళ్లలో గంటల తరబడి చేతులు పెట్టి, నిలబడి, కిలోకింత చొప్పున పనిచేసే మనిషికి వేలు వాచి మర్నాడు రాకపోతే దాన్ని గాయం అనరు, గైర్హాజరు అంటారు. ఆమె బదులు వ్యానులో ఇంకొకామె ఎక్కుతుంది. గాయం ఆ షెడ్డు దాటి ఇంటికి వెళ్లిపోతుంది. అన్నం కలపడానికి చెయ్యి రాక స్పూనుతో పిల్లలకి తినిపించేవాళ్లని నేను చూశాను. పది లక్షల గంటల లెక్కలో ఆ గంటలు లేవు.

ఇక లైంగిక వేధింపుల గడి. ఫిర్యాదులు: సున్నా. పరిష్కరించినవి: సున్నా. పెండింగు: సున్నా. స్త్రీలు వందల్లో పనిచేసే చోట సున్నా చూస్తే మనలో ఎవరికైనా అనుమానం రావాలి. కానీ మార్కులు వేసేవాళ్లకి సున్నా మంచి అంకె. అంటే ఒక ఫిర్యాదు వస్తే కంపెనీ మార్కు తగ్గుతుంది, ఫిర్యాదు రాకుండా చూసుకుంటే నిలుస్తుంది. 1997లో విశాఖ తీర్పు, 2013లో చట్టం, ఇంత దూరం నడిచి వచ్చాక, నోరు మూయించడానికి కొత్త ప్రోత్సాహకం తయారు చేసుకున్నామన్నమాట. నన్నడిగితే ఈ గడిలో ఫిర్యాదుల సంఖ్యకి ముందు ఇంకో ప్రశ్న ఉండాలి. అంతర్గత కమిటీలో ఉన్నదెవరో షెడ్డులో పనిచేసే ఎంతమంది చెప్పగలరు? కాంట్రాక్టరు మనుషులకి ఆ కమిటీ దాకా దారి ఉందా?

ఇప్పటిదాకా గేటు లోపలి సంగతి. అసలు కథ గేటు బయట ఉంది, అందులోనూ కొల్లేరులో ఉంది.

కొల్లేరులో కొలత అనగానే అందరికీ గుర్తొచ్చేది కాంటూరు. కృష్ణ, గోదావరి డెల్టాల మధ్య పల్లం ఇది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీళ్లని పట్టి ఉంచి, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి వదులుతుంది. 1999లో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు. 2002లో 901 చదరపు కిలోమీటర్లు రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. 2006 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశాలతో వేల ఎకరాల చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. 2008లో శాసనసభ మూడో కాంటూరుకి తగ్గించమని తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ ఒప్పుకోలేదు. ఐదా, మూడా అన్న తగువు ఇన్నేళ్లుగా నడుస్తూనే ఉంది. ఈ తగువులో పెలికాన్ల తరఫున మాట్లాడేవాళ్లున్నారు, చెరువుల యజమానుల తరఫున మాట్లాడేవాళ్లున్నారు. కొల్లేటి లంకల్లో నీళ్ల క్యాను కొనుక్కునే ఆడవాళ్ల తరఫున కాంటూరు గీసినవాళ్లు లేరు. చుట్టూ నీళ్లే. తాగే నీళ్లు మాత్రం బయటినుంచి రావాలి. పెద్దవాళ్లని అడగండి, దోనె మీద వెళ్లి సరస్సు మధ్యలో నీళ్లు ముంచుకొచ్చిన రోజులు వాళ్లకి గుర్తే.

1970లలో ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టి పేదవాళ్లకి చెరువులు తవ్వించింది. తర్వాత డబ్బున్నవాళ్లు వాటిని లీజుకి తీసుకున్నారు. నేను తిరిగిన ఊళ్లలో సంఘాల సభ్యత్వం మగవాళ్ల పేర్ల మీదే ఎక్కువ. లీజు డబ్బు వచ్చింది వాళ్ల చేతికి. సరస్సు చెరువులైనప్పుడు ఆడవాళ్లకి పోయిన పనికి మాత్రం పరిహారం అనే మాటే పుట్టలేదు. మావులు వేసి పట్టిన చేప తెచ్చి తట్టలో పెట్టుకుని ఊరూరా అమ్మడం, మిగిలింది ఎండబెట్టడం, తుంగ కోసి చాపలల్లడం, బాతులు మేపడం, ఇవన్నీ వాళ్ల చేతుల్లో ఉన్నవి. వాటిని ఎవరూ ఏనాడూ పరిశ్రమ అనలేదు కాబట్టి, పోయినప్పుడు ఏ పరిశ్రమా మూతపడలేదు.

ఇప్పుడు చెరువు గట్టు మీద పాక వేసుకుని కాపలా ఉండే కుటుంబాలని చూడండి. జీతం మగవాడి పేరు మీద ఒకటి. మేత సంచులు దించడం, మేత కట్టడం, పక్షుల్ని తోలడం, రాత్రి ఏరేటర్లు ఆగితే లేచి కేకవేయడం, వీటిలో సగం ఆమె చేస్తుంది. ఒక జీతానికి రెండు మనుషులు. మనం దీనికి 'అదృశ్య శ్రమ' అని పేరు పెట్టి ముప్ఫై ఏళ్లు దాటింది. అదృశ్యం ఎవరికి అన్నది కూడా అడగాలి. చెరువు యజమానికి బాగానే కనిపిస్తుంది, అందుకే పెళ్లికాని కుర్రాడిని కాపలాకి పెట్టుకోడు.

ఈ చెరువుకి మేత అమ్మేది ఒక కంపెనీ. మందులమ్మేది ఒకటి. రొయ్యలైతే కొని, ఒలిపించి, గడ్డకట్టించి అమెరికాకి పంపేది ఇంకొకటి. వీటిలో ఒకటో రెండో షేర్ మార్కెట్‌లో ఉండొచ్చు. మిగిలినవి ప్రైవేటు కంపెనీలు, భాగస్వామ్య సంస్థలు. వాటిని ఈ నివేదిక అడిగేవాళ్లే లేరు. ఆ ఒకటి రెండింటి నివేదిక తెరవండి. అందులో తప్పనిసరి ప్రశ్న ఒకటుంది: అభయారణ్యాలు, చిత్తడి నేలల వంటి సున్నిత ప్రాంతాల్లో మీ కార్యకలాపాలు ఉన్నాయా? ఫ్యాక్టరీ, ఆఫీసు అక్కడ లేవు కాబట్టి, లేవు అని రాసినా తప్పు పట్టడానికి వీల్లేదు. మేత వెళ్లేది అక్కడికి, సరుకు వచ్చేది అక్కడినుంచి, కార్యకలాపం మాత్రం అక్కడ లేదు!

సెబీకి ఇది తెలియక కాదు. సరఫరాదారుల లెక్కలు కూడా చెప్పాలని 2023లో ఒక నియమం పెట్టింది, మొదటి 250 కంపెనీలకి. కొనుగోళ్లలో, అమ్మకాల్లో 75 శాతం దాకా ఎవరెవరితో జరుగుతోందో వాళ్లందరివీ చెప్పాలి, చెప్పలేకపోతే కారణం చెప్పాలి. కంపెనీలు గోల పెట్టాయి. 2025 మార్చిలో దాన్ని స్వచ్ఛందం చేశారు, అదీ ఒక్కొక్కరు విడిగా 2 శాతం పైన ఉంటేనే. ఆలోచించండి. ఒక పెద్ద ఎగుమతి కంపెనీ కొనుగోళ్లలో ఏ చెరువు 2 శాతం ఉంటుంది? నలభై మంది ఆడవాళ్లని వ్యానులో తెచ్చే ఏ మేస్త్రీ 2 శాతం ఉంటాడు? పెద్దవాళ్లని పట్టడానికి వేసిన వల అనుకుంటాం గానీ, కన్ను సైజు చూస్తే మన చేపలన్నీ బయటకి పోయేట్టు అల్లారు.

ఇదే సమయంలో ఇంకోటి జరిగింది. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత కాంట్రాక్టు కార్మికుల చట్టం కేంద్ర చట్టం ప్రకారం ఇరవై మంది ఉంటే వర్తించేది. ఇప్పుడు యాభై మంది ఉండాలి. ఆ నలభై మంది వ్యాను ఈ లెక్కలోంచి కూడా దాటిపోయింది.

బయటి నష్టాన్ని కొలవడం అసాధ్యం అంటారు కొందరు. కాదు, మన దగ్గరే కొలిచారు. తీరప్రాంత రొయ్యల చెరువుల మీద జగన్నాథన్ గారు వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆంధ్రలో, తమిళనాడులో రొయ్యల చెరువుల వల్ల వచ్చే ఆదాయం కంటే పర్యావరణానికీ జీవనానికీ జరిగే నష్టం ఎక్కువని నీరి సంస్థ లెక్కకట్టి చెప్పిన మాటని కోర్టు ఆ తీర్పులో తీసుకుంది. కాలుష్యం చేసినవాళ్లే చెల్లించాలంది. మూతపడే చెరువుల్లో ఏడాదికి తగ్గకుండా పనిచేసిన కార్మికులకి రిట్రెంచ్‌మెంటు పరిహారమే కాక, అదనంగా ఆరేళ్ల వేతనం ఇవ్వాలంది. ఆరేళ్ల వేతనం! ఇంతకంటే ఉదారమైన మాట ఏ తీర్పులోనూ చూడలేదు నేను. కానీ కార్మికురాలినని చూపించుకోవడానికి కాగితం కావాలి. మడ అడవుల అంచున మోకాటి లోతు నీళ్లలో రొయ్యపిల్ల ఏరిన ఆడవాళ్ల పేరు ఏ హాజరు పట్టీలో ఉంటుంది? తర్వాత 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి ఈ వ్యాపారానికి కొత్త దారి వేసింది, ఆ తీర్పు పుస్తకాల్లో మిగిలింది.

కొల్లేరు వదిలి మెట్ట వైపు వెళ్దాం. తాడేపల్లిగూడెం నుంచి చింతలపూడి దాకా ఆయిల్ పామ్ తోటలు ఎలా పెరిగాయో మీకు చెప్పక్కర్లేదు. పెదవేగిలో 1995లో దీనికోసం జాతీయ పరిశోధన కేంద్రం పెట్టారు. 2021లో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో వంటనూనెల మిషన్ ప్రకటించింది. దిగుమతి తగ్గుతుంది, రైతుకి ఆదాయం నిలకడగా ఉంటుంది, రెండూ నిజమే. ఇక్కడ అడవి నరికి వేసిన తోటలు కావు, కాబట్టి ఇండోనేషియాతో పోల్చుకుంటే మంచి మార్కులే వస్తాయి. అయితే చెట్టుకి రోజుకి 200 లీటర్లు అనుకున్నా, ఎకరానికి 57 చెట్లు, అంటే 11,400 లీటర్లు. ఈ నీళ్లు రైతు బోరులోంచి వస్తాయి. నూనె తీసే మిల్లు నీటి ఖాతాలో మిల్లు నీళ్లే ఉంటాయి.

ఆ తోటల్లో గెల నరికేది మగవాళ్లు. పండి రాలిన పళ్లని చెట్టు మొదట్లో వంగి ఏరేది ఎక్కువగా ఆడవాళ్లు. గెలలో కంటే ఈ రాలిన పళ్లలోనే నూనె ఎక్కువ. మిల్లుకి ప్రాణం లాంటిది నూనె శాతం, రైతుకి ధర కట్టేదీ దాని మీదే. ముఠాకి టన్నుకింత అని కూలి ఇస్తే, పంచుకునేటప్పుడు నరికిన చేతికి ఒక వాటా, ఏరిన చేతికి తక్కువ వాటా. నూనె శాతాన్ని దశాంశ స్థానాల దాకా కొలవగలిగిన పరిశ్రమకి ఈ వాటా ఎంతో కొలవడం కష్టమా? ఎవరూ అడగలేదు, అంతే.

ఆడిటర్ల గురించి కూడా చెప్పాలి. 2012 ఆగస్టులో కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే బట్టల ఫ్యాక్టరీకి కార్మికుల పరిస్థితులు బాగున్నాయని ఎస్.ఎ. 8000 సర్టిఫికెట్ ఇచ్చారు. సెప్టెంబరు 11న అక్కడ మంటలంటుకుని 250 మందికి పైగా చనిపోయారు. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర కూలిన రాణా ప్లాజాలో కూడా ఆడిట్లు జరిగిన ఫ్యాక్టరీలున్నాయి. పదకొండు వందల మందికి పైగా పోయారు, ఎక్కువమంది ఆడపిల్లలు. మన రొయ్యల సంగతి కూడా 2024 మార్చిలో బయటికొచ్చింది. అమెరికాలోని కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ మన రాష్ట్రంలో తిరిగి ఇచ్చిన నివేదికలో అప్పు కింద బందీ అయిన శ్రమ గురించీ, సర్టిఫికెట్లు ఉన్నా మారని పరిస్థితుల గురించీ రాసింది. కంపెనీలు కాదన్నాయి. పశ్చిమగోదావరిలోనే మొగల్తూరులో 2017 మార్చి 30న ఒక ఆక్వా ప్లాంటులో ట్యాంకు శుభ్రం చేయబోయి ఐదుగురు కుర్రాళ్లు విషవాయువుకి బలయ్యారు. అదే రోజుల్లో భీమవరం దగ్గర తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్కు వద్దని ఊళ్లకి ఊళ్లు, ముందు వరసలో ఆడవాళ్లు, 144 సెక్షన్ మధ్య, కేసుల మధ్య, జైలుకి వెళ్లి కూడా నిలబడ్డారు. వాళ్లు అడిగింది మామూలు ప్రశ్న. మురుగు ఎక్కడికి పోతుంది? సముద్రానికి పైపులైను వేస్తామని ప్రభుత్వం మాటివ్వాల్సి వచ్చింది. ఏ సుస్థిరతా నిపుణుడూ రాబట్టలేని జవాబు అది.

ఒక ఆడిట్ రోజున నేను ఒక షెడ్డులో ఉన్నాను. పేరు చెప్పను. పొద్దున్నే అందరికీ కొత్త గ్లవుజులు ఇచ్చారు. కూర్చోవడానికి స్టూళ్లు వచ్చాయి. అడిగితే ఎనిమిది గంటలని చెప్పండి అన్నాడు మేస్త్రీ. వచ్చిన ఆయన మర్యాదస్తుడే, ఓపిగ్గానే అడిగాడు, కానీ మేస్త్రీ పక్కన నిలబెట్టుకుని అడిగాడు. తర్వాత నేను ఒకామెని, ఎందుకమ్మా నిజం చెప్పలేదు అని అడిగితే, "ఆయన సాయంత్రానికి వెళ్లిపోతారండి, నేను రేపు మళ్లీ రావాలి కదండీ" అంది. సామాజిక శాస్త్రంలో డాక్టరేటు చేసిన నేను ఆ మాటకి సిగ్గుపడ్డాను. నేను కూడా సాయంత్రానికి వెళ్లిపోయేదాన్నే.

మెరుగుపడ్డ చోటు లేదా అంటే ఉంది. రాణా ప్లాజా తర్వాత బంగ్లాదేశ్‌లో బ్రాండ్లూ కార్మిక సంఘాలూ కలిసి ఒక ఒప్పందం మీద సంతకం పెట్టాయి. స్వచ్ఛందం కాదు, చట్టబద్ధంగా కట్టుబడేది. తనిఖీ చేసేవాళ్లు ఫ్యాక్టరీ మనుషులు కారు, తనిఖీ నివేదికలు అందరూ చదివేట్టు బయటపెట్టారు, మరమ్మతు చేయని ఫ్యాక్టరీకి ఆర్డర్లు ఆగాయి. అక్కడ భవనాలు నిజంగా బాగుపడ్డాయి. మన రాష్ట్రంలోనూ అలాంటి అనుభవం ఉంది, మనమే దాన్ని ఇటువైపు తిప్పి చూడలేదు. ఉపాధి హామీ పనులకి 2006 నుంచి సామాజిక తనిఖీ జరిగింది. దేశం మొత్తానికి మనం నేర్పిన పని అది. ఊరి పిల్లలే మస్టరు తీసుకుని ఇంటింటికీ వెళ్లి, నువ్వు ఈ పదహారు రోజులు పనిచేశావా, ఇంత ముట్టిందా అని అడిగి, గ్రామసభలో పైకి చదివారు. చదువురాని ఆమె లేచి, నేను ఆ వారం పుట్టింట్లో ఉన్నాను, నా పేరు మీద ఎవరు తీసుకున్నారు అని నిలదీసింది. ఆ తనిఖీలోనూ లోపాలున్నాయి, రికవరీ కాని డబ్బు చాలా ఉంది. అయినా తేడా చూడండి. కంపెనీలు చేయించేదాన్నీ 'సోషల్ ఆడిట్' అనే అంటారు. దానికి డబ్బిచ్చేది కంపెనీ, చదివేది కొనుగోలుదారు. ఎవరి గురించి రాశారో వాళ్ల ముందు చదవరు.

ఇక మనం ఏం చేయగలమో. ఈ జిల్లాల్లో సరుకు కొనే లిస్టెడ్ కంపెనీల నివేదికలు అందరికీ అందుబాటులో ఉంటాయి, తెచ్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ప్లాంటుకి కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతిలో రోజుకి ఎన్ని కిలోలీటర్ల మురుగు వదలొచ్చో రాసి ఉంటుంది. అది సమాచార హక్కు కింద అడగండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. కొత్త ప్లాంటుకి ప్రజాభిప్రాయ సేకరణ జరిగే చోట, ఎన్ని ఉద్యోగాలు ఇస్తారు అని కాక, ఎన్ని ఉద్యోగాలు మీ సొంత రోలు మీద, ఎన్ని మేస్త్రీ మీద అని అడగండి, మినిట్స్‌లో రాయించండి. పదిమంది కంటే తక్కువ ఉన్న చోట పనిచేసే స్త్రీల కోసం జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి. ఏలూరు జిల్లాలో, పశ్చిమగోదావరిలో సభ్యులెవరో కనుక్కుని వాళ్ల ఫోను నంబరు షెడ్ల దగ్గర గోడల మీద రాయండి. కొత్త జిల్లాలు 2022లో వచ్చాయి, ఎవరి పరిధి ఎక్కడో ఆఫీసుల్లోనే కొందరికి సందిగ్ధం.

అన్నిటికంటే ముందు మన దగ్గర లెక్క ఉండాలి. కంపెనీ అంకెని కాదనాలంటే మన చేతిలో ఇంకో అంకె ఉండాలి కదా. బస్సులో కలిసిన ఆమెకి నేను ఒక చిన్న నోటు పుస్తకం ఇచ్చాను. ఏ రోజు వ్యాను ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి దింపింది, ఎన్ని కిలోలు కాటా వేశారు, కిలోకి ఎంత ఇచ్చారు, ఎవరి చెయ్యి వాచింది. ఐదే గీతలు. ఆమెకి రాయడం రాదు, తొమ్మిదో తరగతి కూతురు రాస్తుంది. మొదటి వారం చూసినప్పుడు కాటా దగ్గర కిలోలు రోజూ సరిగ్గా ఐదుతో తెగే అంకెలే ఉన్నాయి, పదిహేను, ఇరవై, పదిహేను. పైన మిగిలిన అరకిలో, ముప్పావుకిలో ఏమవుతోందని అడిగాను. "అవి రాయరండి" అంది.

బయట బల్ల మీద అలాంటి పుస్తకాలు నూటయాభై పెట్టాం. కైకలూరు, ఆకివీడు, భీమడోలు, తాడేపల్లిగూడెం వైపు నుంచి వచ్చినవాళ్లు తలా పది తీసుకోండి. ఆయిల్ పామ్ తోటల వాళ్లకి గీతలు వేరే ఉండాలి, అవి ఎలా ఉండాలో నాకు తెలియదు. తోటల్లో పనిచేసేవాళ్లు ఇక్కడ నలుగురైదుగురు ఉన్నట్టున్నారు, భోజనాలయ్యాక వాళ్లతో కూర్చుని గీసుకుందాం.